షహనాజ్ చెప్పిన రెండు వాక్యాలు

మంగళవారం

ఉప్పుగూడ ఆడవాళ్ల ఇంగ్లీషు క్లాసులో ఈ రోజు పాస్ట్ టెన్స్ చెప్పాను. నిన్న ఏం జరిగిందో ఒక్కొక్కరూ లేచి రెండు వాక్యాల్లో చెప్పమన్నాను. అందరూ నిన్న పళ్లు తోముకున్నారు, టీ తాగారు. పుస్తకంలో ఉన్నవే. ఒక్క తప్పూ లేదు.

తర్వాత షహనాజ్ లేచింది. కిషన్‌బాగ్‌లో ఇంట్లోనే ఇరవై ఏళ్లుగా జాకెట్ల మీద మగ్గం కుట్టుపని చేస్తున్న మనిషి. "యెస్టర్‌డే డాక్టర్ సీ మై ఐస్. హీ టెల్ మీ, స్టాప్ నీడిల్ వర్క్" అంది.

"సీ కాదు, సా. టెల్ కాదు, టోల్డ్" అన్నాను. ఆమె రెండూ దిద్దుకుని మళ్లీ చెప్పింది. నా సంతోషానికి పట్టపగ్గాల్లేవు. క్లాసంతటితో చప్పట్లు కొట్టించాను.

గదికి తాళం వేస్తుంటే, ఆమె పక్కనే కూర్చునే లక్ష్మి ఆగింది. "మేడం, షహనాజక్కను మీరేమన్న అడుగుతరనుకున్న. సూది పట్టొద్దన్నడంట డాక్టరు. ఇల్లు నడిచేదే ఆ పనితోని. మస్తు ఫికర్‌ల ఉంది."

ఆ మాట నేను రెండుసార్లు విన్నాను. ఒకసారి తప్పులతో, ఒకసారి తప్పుల్లేకుండా. రెండుసార్లూ నాకు క్రియలే వినిపించాయి. పదేళ్లు పాఠాలు చెబితే చెవులు ఇలా అయిపోతాయా?

రేపు క్లాసుకు ముందే కిషన్‌బాగ్ వెళ్లాలి. వెళ్లి ఏమని మొదలుపెట్టను...

చప్పట్లు ఆగాక కూడా ఆమె నిలబడే ఉంది. నేనే "గుడ్, సిట్ డౌన్" అన్నాను.