వెనక తలుపు మీద ఆకుపచ్చ గీత

స్టీరింగు పంతులమ్మగారికి,

కళ్ళజోళ్ళ కొట్టాయన చేసుకునే విన్నపం. ఇక్కడ నేను క్షేమం, ఇల్లు క్షేమం, నీ కారు మాత్రం అంత క్షేమం కాదు. కంగారుపడకు. ముందు కూర్చుని చదువు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం ఎవరో మహానుభావుడు మన గేటు పక్కన ఆపి ఉన్న నీ కారును గుద్ది, చెప్పాపెట్టకుండా పోయాడు. వెనక తలుపు సొట్టపోయింది. సొట్ట మధ్యలో జానెడు గీత, ఆ గీతలో ఆకుపచ్చ రంగు. అప్పుడు నేను ముందుగదిలో లాండ్రీ ఆయనతో చదరంగం ఆడుతున్నాను. దబ్బుమని చప్పుడైతే పైవాటా వాళ్ళు మంచం జరుపుకుంటున్నారేమో అనుకున్నాం. సరిగ్గా అప్పుడే నాకు మంచి ఎత్తు తోచింది. లేవబుద్ధి కాలేదు.

మీ డ్రైవింగు స్కూలువాళ్ళు కొత్త బ్రాంచి పెట్టమని నిన్ను ఆ ఊరు పంపినప్పుడు, కారు నాకు అప్పజెప్పి తాళంచెవి ముట్టుకోవద్దన్నావు. ముట్టుకోలేదు. రోజూ పొద్దున్నే తుడుస్తున్నానంతే. ఫోను చేస్తే ఒకరి మాట ఒకరం పూర్తి కానివ్వం కాబట్టి ఉత్తరం రాస్తున్నాను. "మీరు పిలిస్తేనే వస్తాను" అని వెళ్ళావు. ఇది పిలుపు అనుకునేవు, కాదు. కారు సంగతి మాత్రమే.

ఇట్లు,
కాపలాదారు

తా.క. గుద్దినవాడు పట్టుబడితే ఏం చెయ్యాలో రాయి. మనిషి పొట్టిగా ఉంటే నేనే చూసుకుంటాను.

---

శ్రీవారికి,

దూరం నుంచి ఒక నమస్కారం. ఇక్కడ బ్రాంచి బాగానే నడుస్తోంది. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళందరూ స్టీరింగును పసిబిడ్డను ఎత్తుకున్నట్టు పట్టుకుంటున్నారు, అది ఏడిస్తే నాకు ఇచ్చేస్తున్నారు.

కారన్నాక సొట్ట పడకుండా ఉంటుందా? వదిలెయ్యండి. ఎవరో పాపం, కంగారులో వెనక్కి తీస్తూ తగిలించి ఉంటారు. వాళ్ళ మనసులో ఏముందో మనకేం తెలుసు. ఆకుపచ్చ అంటారా, అది రంగు కాకపోవచ్చు. వానలు పడుతున్నాయి కదా, నాచు పట్టి ఉంటుంది. ఎవరినీ ఏమీ అడగకండి, పోలీసుల దాకా అసలు వెళ్ళకండి.

వేళకు తింటున్నారని తలుస్తాను.

ఇట్లు,
మీ ఆవిడ

తా.క. చదరంగం అంత సరదాగా ఉంటుందా? వీధిలోకి వినపడేటట్టు నవ్వేంత?

---

పంతులమ్మగారికి,

నాచు అన్నావు. కొట్లోంచి భూతద్దం తెచ్చి చూశాను. నాచయితే తడిబట్టకు పోతుంది. ఇది పోదు. బండి రంగే. మన వీధిలో ఆకుపచ్చ బండి ఒక్కటే ఉంది, లాండ్రీ వ్యాను. ఆయనేమో నా ఎదురుగా కూర్చుని ఉన్నాడు. అందుకని ఆ వేళ బండి తోలుతున్న ఆయన బామ్మర్దిని అనుమానించాను. అనుమానం మనసులో ఉంచుకుంటే బాగుండేది. పైకి అన్నాను.

"మా ఆవిడ తమ్ముణ్ణి నువ్వొక మాట అంటే, మా ఇంట్లో నాకు అన్నం పుట్టదయ్యా" అన్నాడు లాండ్రీ ఆయన. అన్నవాడు ఊరుకోకుండా నా బట్టలన్నీ తడివి తడిగానే తెచ్చి గేటు మీద వేసిపోయాడు. ఇప్పుడు ఇస్త్రీ లేని చొక్కాతో కొట్లో కూర్చుంటున్నాను. చత్వారం అద్దాల కోసం వచ్చిన పెద్దాయన నన్ను ఎగాదిగా చూసి, "నాకు అద్దాలు అక్కర్లేదేమో బాబూ, నీ చొక్కా ముడతలన్నీ బాగానే కనబడుతున్నాయి" అని లేచిపోయాడు.

ఒక్క సంగతి మాత్రం మింగుడుపడటం లేదు. బానెట్ మీద రెట్ట వేసిందని కాకిని వీధి చివరిదాకా తరిమినదానివి నువ్వు. అలాంటిదానివి ఇవాళ వదిలెయ్యమంటున్నావు. కారు మీదే మమకారం పోయిందంటే మిగతావాటి సంగతి ఇక అడగక్కర్లేదు.

ఇట్లు,
మిగతావాటిలో ఒకడు

తా.క. వెనక్కి తీస్తూ తగిలించారని రాశావు చూడు, నిజంగా మెచ్చుకున్నాను. నేను దగ్గరుండి భూతద్దం పెట్టి కనిపెట్టలేనిది నువ్వు అక్కడ కూర్చుని చెప్పేశావు. ఎంతైనా చదువు చదువే.

---

శ్రీవారికి,

లాండ్రీ ఆయన బామ్మర్దిని ఇంకొక్క మాట అన్నారంటే ఊరుకోను. అతనికి బండి నేర్పింది నేనే. చూసుకోకుండా వెనక్కి తీసే మనిషి కాదు అతను. అలాంటివాళ్ళు వేరే ఉంటారు.

మమకారం గురించి మీరు మాట్లాడకండి. రెండు ఉత్తరాలు రాశారు. తలుపు ఎలా ఉందో రాశారు, గీత ఎంత పొడవో రాశారు, చొక్కా ముడతలు కూడా రాశారు. నేను ఎలా ఉన్నానని ఒక్క ముక్క అడిగారా? పోయినసారి ఫోనులో "నువ్వు లేకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంది" అన్నారు కదా. ఆ ప్రశాంతతను ఒక సొట్ట కోసం చేజేతులా ఎందుకు పాడుచేసుకుంటారు?

ఇట్లు,
ప్రశాంతతకు కారకురాలు

తా.క. మీ నీలం చొక్కాకు కాలరు దగ్గర గుండీ ఊడింది, కుట్టించుకోండి. అంటే, ఊడి ఉంటుందేమో చూసుకోండి అని.

---

పంతులమ్మగారికి,

అడగలేదన్నావు కాబట్టి అడుగుతున్నాను. ఎలా ఉన్నావు?

నీలం చొక్కా తీసి చూశాను. గుండీ నిజంగానే ఊడింది. అంత దూరంలో కూర్చుని నా గుండీ ఊడిన సంగతి తెలుసుకున్న మనిషివి, నేను ఎదురుచూస్తున్న సంగతి ఎందుకు తెలుసుకోలేకపోయావో నాకు అర్థం కాలేదు. ఆ రోజు ఫోనులో నువ్వు విన్నది సగం వాక్యమే. "నువ్వు లేకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంది, ఆ ప్రశాంతత నావల్ల కావడం లేదు" అనబోయాను. మొదటి సగానికే పెట్టేశావు.

నువ్వు అక్కడ స్థిరపడిపోయావని నాకు తోస్తోంది. కారు ఉంటే నష్టమేం లేదు గానీ, రోజూ తుడుస్తుంటే ఆ ఖాళీ సీటు నన్నే చూస్తున్నట్టుంటుంది. అందుకని కారు అమ్మేద్దామనుకుంటున్నాను. ఆదివారం ఒకాయన చూడటానికి వస్తానన్నాడు. వద్దనుకుంటే వద్దని రాయి. వద్దని రాస్తావని ఆశ లేదు గానీ, రాయి.

ఇట్లు,
మీ ఆయన

తా.క. పోలీస్ స్టేషనుకు కూడా వెళ్ళొచ్చాను. గుద్దినవాడి పేరేమిటన్నారు. తెలియదన్నాను. తెలిశాక రమ్మన్నారు. తెలిస్తే మీతో పనేముందన్నాను. పాపం మంచివాళ్ళు, మంచినీళ్ళిచ్చారు. వచ్చేముందు బామ్మర్ది పేరు మాత్రం రాసుకున్నారు.

---

ఏమండీ,

కారు అమ్మకండి. బామ్మర్ది పేరు వెంటనే కొట్టేయించండి. గుద్దింది నేను.

ఆ ఆదివారం నాకు సెలవు. మీరు పిలిచేదాకా ఆగితే జన్మ గడిచిపోతుందనిపించి, పిలవకపోయినా వచ్చేద్దామని స్కూలు కారు వేసుకుని బయల్దేరాను. అక్కడిలా పసుపుపచ్చవి కాదు, కొత్త బ్రాంచికి ఆకుపచ్చ కార్లు ఇచ్చారు. దారి పొడుగునా మీతో ఏం మాట్లాడాలో అనుకుంటూ వచ్చాను. మొదట కాసేపు కోపంగా ఉండాలనుకున్నాను.

గేటు ముందు ఆపేసరికి కిటికీలోంచి మీరు కనిపించారు. నీలం చొక్కా, కాలరుకు గుండీ లేదు. లాండ్రీ ఆయన ఏదో అన్నాడు, మీరు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు. నేను లేకుండా ఇంత నవ్వగలరా అనిపించింది. నేను లోపలికొస్తే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని భయమేసింది. ప్రశాంతంగా ఉందన్నది నిజమేననుకుని, దిగకుండానే బండి తిప్పుకోబోయాను. మన వీధి ఇరుకు కదా. అద్దంలోకి చూశాను, కళ్ళనిండా నీళ్ళు, ఏమీ కనబడలేదు. ఊరందరికీ రివర్సు నేర్పినదాన్ని, వెళ్ళి వెళ్ళి నా కారునే గుద్దాను.

చప్పుడు విని మీరు బయటికొస్తారని చూశాను. వస్తే దిగేదాన్ని. మీరు రాలేదు. ఎత్తు తోచింది, లేవబుద్ధి కాలేదు అని మీ ఉత్తరంలో చదివాక, కారుకు సొట్ట పెట్టానన్న బాధ సగం తగ్గింది.

మీరు నన్ను పిలవాలి. పంతం కాదు. ఇంట్లో నాకు చోటుందని మీ నోటివెంట వినాలని ఉంది. ఒక్క ముక్క రాయండి చాలు.

మీ
నేను

తా.క. ఈ సంగతి బామ్మర్దికి తెలియనివ్వకండి. రివర్సు బాగా రాలేదని అతన్ని చాలాసార్లు ఏడిపించాను.

---

ఈ ఆకుపచ్చ కారు యజమానురాలికి,

మీ కారు ముందు లైటు పగలగొట్టినది నేను. గుద్ది పారిపోయే రకం కాదు కాబట్టి ఈ చీటీ వైపరు కింద పెడుతున్నాను.

పొద్దున నేను బయల్దేరేసరికి నీ ఉత్తరమేదీ రాలేదు. కారు కొనడానికి ఆదివారం వచ్చినాయన నీ సీట్లో కూర్చుని, మోకాళ్ళు తగులుతున్నాయని సీటు వెనక్కి జరిపాడు. నాకేమైందో తెలియదు, దిగవయ్యా అన్నాను. అమ్మనని చెప్పి పంపించేశాను. ఆ వెంటనే వెళ్ళి స్టేషనులో బామ్మర్ది పేరు కొట్టేయించి, లాండ్రీ ఆయన ముందు తప్పైందని నిలబడ్డాను. "స్టీరింగు పట్టనివాడు ఇంకొకడి డ్రైవింగుకు వంకలు పెట్టకూడదు" అని ఆయన నాకు బామ్మర్దినే గురువుగా పెట్టాడు. ఒకప్పుడు నువ్వు విసుగొచ్చి తరిమేసిన ఈ శిష్యుణ్ణి అతను ఓపికపట్టి, మన సొట్ట కారును ఇంత దూరం తోలేటట్టు చేశాడు. దారంతా నా పక్క సీట్లోనే కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్ర కాదు, భయం.

మీ బ్రాంచి ముందు ఆపబోయాను. ఆగింది గానీ, నీ ఆకుపచ్చ స్కూలు కారు తగిలాక ఆగింది. దిగి చూస్తే మన కారు బంపరుకు అంటిన ఆకుపచ్చ, వెనక తలుపు మీది ఆకుపచ్చ ఒకటే. భూతద్దం జేబులోనే ఉంది, పెట్టి చూశాను. రంగుల్లో నేను పొరపడను. అంటే ఆ రోజు నువ్వు గేటు దాకా వచ్చావు. చప్పుడైంది, నేను లేవలేదు.

నేను వచ్చింది నిన్ను పిలవడానికి. ఇంటికి రా. ఈ రెండు మాటలు ఉత్తరంలో రాయడం చేతకాక బండి నేర్చుకోవాల్సి వచ్చింది.

నువ్వు లోపల పాఠం చెబుతున్నావట. ఎదుట బెంచీ మీద ఉన్నాను. పాఠం ఆపకు, నేను ఆగుతాను.

ఇట్లు,
మీ ఆయన

తా.క. లైటు గురించి తిట్టాల్సినవన్నీ తిట్టు. మధ్యలో అడ్డుపడను. విని చాలా కాలమైంది.