మీ శనివారం గుడి

ఏవండీ,

మీరు కన్నుమూసిన ఈ ఏడాదిలోనే మీ ఫుట్‌బాల్ క్లబ్ ఇంకో డివిజన్ కిందికి జారింది. ఓనరు పట్టించుకోడు, అమ్మెయ్యమంటే అమ్మడు. ఇలాగే ఉంటే క్లబ్ మూతపడుతుందని అందరూ అంటుంటే నాకు అన్నం సహించడం లేదు. ఫుట్‌బాల్ పేరెత్తితేనే గిట్టని నాకు! ఆదివారం గుడికి రమ్మంటే, "నా గుడికి నిన్ననే వెళ్ళొచ్చాగా" అనేవారు, స్టేడియం గురించి. ఎంత మండేదో నాకు.

ఇవాళ మ్యాచ్‌కి ముందు అభిమానులంతా ఊరేగింపు చేస్తున్నారు. ఎవరి భాషలో వాళ్ళు అట్టల మీద రాసుకు రమ్మన్నారట. మనమ్మాయి మీ స్కార్ఫ్ చుట్టుకుని, మీరు వంటింటి బల్ల మీద దిద్దించిన అక్షరాలు గుర్తు తెచ్చుకుని మరీ రాసింది. "అమ్మి వెళ్ళిపో" అని ఓనరుకి చెప్పాలని. తీరా చూస్తే అట్ట మీద పెద్ద పెద్ద అక్షరాలతో "అమ్మ వెళ్ళిపో" అని ఉంది!

తలుపు దగ్గరే ఆపి, "గుడి మర్చిపోయావే!" అన్నాను.

"నో మమ్, దట్స్ వేర్ అయామ్ గోయింగ్," అంది.

మార్కర్ తీసుకుని గుడి నేనే పెట్టాను. కోటు వేసుకుని తన వెంటే బయల్దేరాను. బస్సులో తన పక్కన కూర్చుని ఇది రాస్తున్నాను.

అట్ట మీద గుడి పెట్టడం ఒక్క గీత పని. మీ గుడి నిలబెట్టడం మా వల్ల అవుతుందంటారా?