నకరికల్లు బిళ్ళ మీద ఇద్దరు

నరసరావుపేట, 1986, మంగళవారం

ఇవాళ కాలేజీ లెక్చరర్ గారితో వాదించాను. తప్పు చేశానని నాకేం అనిపించడం లేదు.

గిన్నెలకి కళాయి వేయించుకోడానికి మా కొట్టుకి వచ్చిన నకరికల్లు రైతు, పొలంలో దొరికిన రాగి బిళ్ళలు కొన్ని నాన్నకి ఇచ్చిపోయాడు. నాన్న అలవాటు కొద్దీ వాటిని చింతపండు నీళ్ళలో వేసి తోమేశాడు. తళతళా మెరిశాయి గానీ వాటి మీద ఎవరున్నారో ఇక ఎవరూ చెప్పలేరు. తోమకముందే, మట్టి పట్టిన ఒక్కదాన్ని నేను దాచి, వారం రోజులు తుమ్మముల్లుతో గీకాను. వేలిగోరంత బిళ్ళ. ఒకవైపు తల, రెండోవైపు ఇద్దరు మనుషులు, మధ్యలో జెండా కర్ర. లైబ్రరీ పుస్తకంలో రోమ్ సిపాయిల బొమ్మ ఉన్న పాత నాణెం అచ్చం ఇట్లానే ఉంది.

కొట్టుకొచ్చిన లెక్చరర్ గారు నా చేతిలో బిళ్ళ చూసి, "రాముల వారి పూజ బిళ్ళ ఇది. రాముడు, లక్ష్మణుడు, మధ్యలో సీతమ్మ" అన్నారు.

"మరి విల్లేదండీ? ఇద్దరి చేతుల్లోనూ బల్లేలేగా" అన్నాను.

"కళాయి సాయిబు కూతురివి, నువ్వు నాకు చెప్తావా? రేపు పూజారి గారిని తీసుకొస్తా" అని వెళ్ళిపోయారు.

"పెద్దాయనతో ఏందే ఆ మాటలు" అని నాన్న కోప్పడ్డాడు. కొట్టు మూసేముందు తనే నా భూతద్దం అడిగి బిళ్ళని చానాసేపు చూశాడు.

"విల్లు లేదే" అన్నాడు. లేచి, చింతపండు నీళ్ళు తీసుకెళ్ళి కాలవలో పారబోశాడు.

రేపు పూజారి గారిని రానీ. విల్లు ఎక్కడుందో ఆయన్నే చూపించమంటా.