మానేసిన రోజులు

మార్చి 3

మాత్రల ధర పెరిగింది. అలా ఇలా కాదు. స్ట్రిప్పు ముప్పై ఎనిమిది ఉండేది, ఇవాళ ఆరువందల పది. ప్రింటు తప్పేమో చూడమన్నాను. మందుల షాపతను నవ్వలేదు. ఆ మందు హక్కులు వేరే కంపెనీ కొనుక్కుందట, ఇంకెవరూ తయారు చేయడం లేదట. పన్నెండో ఏట ఫిట్స్ మొదలైనప్పటి నుంచీ నాకు ఇదే మాత్ర. నాకంటే దాని వయసే ఎక్కువ. ఇంత పాతదానికి ఇప్పుడేం ముంచుకొచ్చిందన్నాను. పక్కన నిలబడ్డ వాచీల తాత, పాతవాటికి అంత గిరాకీ ఉంటే నా రిపేరు కొట్టు ఎప్పుడో మేడయ్యేదమ్మా అన్నాడు. ఆయనదీ ఇదే జబ్బు, ఇదే మాత్ర. చెరో స్ట్రిప్పు కొనుక్కుని తలొంచుకుని వచ్చేశాం.

మార్చి 5

రోజుకి రెండు బదులు ఒకటి. ఈయనకి చెప్పలేదు. చెబితే ఓవర్‌టైం చేస్తానంటాడు. ఇప్పటికే అన్నం ముందు కూర్చుని నిద్రపోతున్నాడు.

మార్చి 14

ఏమీ కాలేదు. ఇన్నేళ్ళూ రెండోది ఊరికే మింగానేమో. ఇవాళ్టి నుంచి ఆ ఒక్కటీ సగం. బ్లేడుతో కోస్తే పొడి రాలుతోంది. వేలు తడిచేసి అద్దుకుని నాకేశాను.

మార్చి 19, మధ్యాహ్నం

కుట్టుమిషన్ దగ్గర కూర్చుంటే ఎడమ భుజం వెనక ఎవరో నిలబడ్డట్టుంది. తిరిగితే లేరు. కుట్టడం మొదలుపెడితే మళ్ళీ ఉన్నారు. దారం కాలిన వాసన. అత్తయ్యని అడిగితే తనకేం రావడం లేదంది.

మార్చి 22

మళ్ళీ వచ్చింది. ఆడమనిషే. ఎలా తెలుసంటే చెప్పలేను. నిజం రాసుకోవాలి: భయం వేయలేదు. నా పని చూసి మెచ్చుకుంటున్నట్టుంది. ఈ ఇంట్లో ఆ పని ఎవరూ చేయరు.

మార్చి 27

చిన్నదాని స్కూలు చొక్కా పూర్తయి మిషన్ మీద ఉంది. ఎప్పుడు కుట్టానో తెలీదు. నలభై నిమిషాలు ఎటు పోయాయో తెలీదు. నా జన్మలో అంత నీటుగా కుట్టలేదు. చిన్నది కింద నుంచి దూరి, దారి లేదమ్మా, దారి లేదు అని లోపల గింజుకుంది. మెడ, ముందు బొత్తాల పట్టీ కుట్టేశాను. చేతులూ కుట్టేశాను. కత్తెరతో కోసి పిల్లని బయటికి లాగాను.

అత్తయ్య చొక్కా వైపు చూసింది, నా వైపు చూసింది. మందు సరిగ్గా వేసుకుంటున్నావా అంది. వేసుకుంటున్నానన్నాను.

ఏప్రిల్ 2

నిన్న వంటింట్లో పడిపోయానట. నాలుక తెగింది. తర్వాత రాస్తా.

ఏప్రిల్ 4

ఈయనకి అంతా చెప్పేశాను. అరుస్తాడనుకున్నా. నా పక్కన నేల మీద చతికిలబడి, స్టవ్ వెలుగుతున్నప్పుడు పడి ఉంటే, అన్నాడు.

డాక్టరు వేరే మాత్ర రాసింది. చవకే. కానీ అది ఒంటికి పట్టేదాకా మూడు వారాలు పాతది కూడా రోజుకొకటి పడాలట. మానావా, ఈసారి లేవవు అంది. ఈయన అడ్వాన్సు అడిగితే వచ్చే నెల చూద్దామన్నారట.

ఏప్రిల్ 6

వాచీల తాత పోయాడు. రెండు వారాలైందట, బాత్రూంలో పడి. ఎవరికైనా పనికొస్తాయని ఆయన భార్య మందుల షాపులో ఒక రేకుడబ్బా ఇచ్చి వెళ్ళిందట. ఇలా ఇవ్వకూడదు, ఎవరితోనూ అనకు అంటూ షాపతను అది నా చేతిలో పెట్టాడు. నిండా చిన్న చిన్న కాగితం పొట్లాలు. పొట్లానికో మాత్ర. ప్రతి దాని మీదా ఒక తేదీ. ఆ తేదీలెందుకో షాపతనికి అర్థం కాలేదు. నాకు వెంటనే అర్థమైంది. ఆయన మానేసిన రోజులవి.

ఏప్రిల్ 7, ఉదయం

మార్చి 4 విప్పి మింగాను. ఆయన బతకాల్సిన రోజు నా గొంతులోంచి దిగింది. దణ్ణం పెట్టాలో, క్షమించమనాలో తెలీలేదు.

ఏప్రిల్ 15

ఇవాళ మార్చి 12. తాత భార్యని చూసి వచ్చాను. ఆయన ఒక్క పూట కూడా మందు మానలేదమ్మా, నీళ్ళు నేనే ఇచ్చేదాన్ని, నా ఎదురుగానే మింగేవాడు అంది. పొట్లాలు ముందుచూపుతో కట్టిపెట్టుకున్నాడనుకుంటోంది. ఎంత జాగ్రత్త మనిషో అంది. అవునన్నాను. ఆవిడ ఇచ్చిన నీళ్ళు గ్లాసు మొత్తం తాగాను.

భుజం వెనక ఇప్పుడెవరూ రావడం లేదు. ఇల్లు కాస్త ఖాళీగా ఉంది.

ఏప్రిల్ 26

చివరి పొట్లం. మార్చి 23. ఆయన పోయిన రోజు.

విప్పితే ఏమీ లేదు.

ఆ రోజు భయం వేసి ఉంటుంది. తీసి వేసుకున్నాడు. కాగితాన్ని మళ్ళీ అవే మడతల్లో మడిచి పెట్టాడు.