సుజాత గుండె పరీక్ష

14 ఆగస్టు 1988, ఆదివారం
మాచర్ల

మధ్యాహ్నం బస్సు దిగాం. నిన్న హైదరాబాదులో సుజాతకు గుండె స్కానింగ్ చేశారు. తెర మీద నా కూతురి గుండె కొట్టుకుంటుంటే నాకు మా ఆయనే గుర్తొచ్చారు. ముప్పై నాలుగేళ్ళకే మిరపచేలో నీళ్ళు కడుతూ ఒరిగిపోయారు. ఆయన తండ్రి, మా మామయ్య కూడా ఆ వయసులోనే పోయారట. అందుకే రక్తసంబంధీకులందరూ చూపించుకోవాలని డాక్టరుగారు పట్టుబట్టారు.

సుజాతకూ గుండె కండరం మందంగా ఉందట.

"భయపడకమ్మా, పదమూడేళ్ళకే తెలియడం మంచిదయింది. మాత్రలు వాడాలి, పరుగుపందాలు మానాలి, ఏడాదికోసారి చూపించాలి" అన్నారు డాక్టరుగారు. అయస్కాంతంతో గుండెను ఇంకా స్పష్టంగా చూపే యంత్రాలు విదేశాల్లో వస్తున్నాయట. ఎప్పటికైనా ఇక్కడికీ రాకపోవు.

పరుగు మానమన్నందుకు సుజాత దారంతా అలిగి కిటికీ వైపే తిరిగి కూర్చుంది. నాగార్జునసాగర్ దగ్గర మాత్రం నా వైపు తిరిగి, "నాన్నకీ ముందే ఇట్టా చూసుంటే బతికేవాడా అమ్మా?" అంది.

సాయంత్రం మరిది కోటేశ్వరరావు వచ్చాడు. "ఆ మిషన్లో చూస్తే లేని జబ్బు పుట్టిద్ది వదినా" అని మొన్న ఎగతాళి చేసిన మనిషి, ఇవాళ అరుగు మీద కూర్చుని, తల వంచుకుని మెల్లగా చెప్పాడు.

"నాకూ అప్పుడప్పుడు ఆయాసం వస్తంది వదినా. ఎవరికీ చెప్పలా. మళ్ళీ ఎప్పుడెళ్తారు?"

"వచ్చే నెల. మాత్రలు పడుతున్నాయో లేదో ఈ ఒక్కసారి ముందుగా చూస్తారట."

"నేనూ వస్తా. పిల్లలిద్దర్నీ తీసుకొస్తా."

అప్పుడు సుజాత గడపలోకి వచ్చింది.

"నొప్పేం పుట్టదు బాబాయ్. చల్లగా జిగురు పూస్తారు, అంతే. నేను పక్కనే ఉంటాలే" అంది.