అడుగున మిగిల్చిన కొవ్వు

అమ్మాయీ, ఆశీస్సులు. ఫోనులో నీ ఏడుపుకి నా మాట వినపడటం లేదు కనుక కార్డు రాస్తున్నాను. నీ పిడుగుకి ఆపరేషన్ చక్కగా జరిగింది. వెన్నుపాముకి అంటుకుని పెరిగిన ఆ కొవ్వుగడ్డ క్యాన్సరు కాదని పరీక్షలో కూడా తేలింది. అయితే డాక్టరు దాన్ని పూర్తిగా తీయకుండా అడుగున కాస్త వదిలేశాడట. నాకు ఒళ్ళు మండింది.

"గిన్నె అడుగున అంటింది వదిలేస్తే తోమినట్టా, నాయనా?" అని అడిగాను.

"ఇంకా గోకితే గిన్నెకే చిల్లు పడుతుంది, మామ్మగారూ. నరాలు ఆ కొవ్వులోనే కలిసిపోయి ఉన్నాయి. వాటి మీద ఒత్తిడి తగ్గితే చాలు" అన్నాడు.

నాతో వాదించి నెగ్గాడు. మీ నాన్న ఉంటే అతనికి దండ వేసేవారు.

అతని మాట నిజమేనని ఈ ఉదయం తెలిసింది. ఆ గడ్డ వల్ల మొద్దుబారిపోయిన పిల్ల ఎడమపాదం మీద ఊరికే చెయ్యి వేశాను.

"అబ్బా, అమ్మమ్మా! నీ చెయ్యి ఐసుముక్కలా ఉంది, తియ్యి!" అని అరిచింది.

తియ్యలేదు. రెండో చెయ్యి కూడా వేశాను. నర్సు వచ్చి నన్ను కసిరింది. ఎంత హాయిగా ఉందో!

వచ్చేటప్పుడు దీనికి మెత్తటి మేజోళ్ళు తీసుకురా. పసివాడి దగ్గు తగ్గిందా? అల్లుడి వంట ఎవరైనా తింటున్నారా? పెరటి తలుపు గడియ వేస్తున్నారా? అందరికీ నా దీవెనలు.

మంచం చివర కూర్చుని రాస్తున్నాను. చోటు చాలడం లేదని నీ కూతురు నన్ను తంతోంది, ఆ ఎడమకాలితోనే. అక్షరాలు వంకరపోయాయి. దిద్దబోవడం లేదు.

అమ్మ