చీరపేలిక కట్టిన టమాటా

కర్నూలు, 14-3-1956

చి॥ సుబ్బరత్నకు నాన్న ఆశీస్సులు. అమ్మ పోయాక వంట నేనే చేసుకుంటున్నాను, దిగులు పడవద్దు.

మీ అమ్మ పెరట్లో పెంచిన టమాటా చెట్లు ఎండకు వాడిపోయాయి. నిన్న మిగిలిన నాలుగు కాయలూ కోసి, మిరపకాయలతో పాటు నిప్పుల మీద కాల్చి, పచ్చడి నూరాను. బాగా పండిన కాయకు అమ్మ కట్టిన చీరపేలిక ఉంటే, విప్పి పక్కన పెట్టాను. పక్కింటి మహాదేవమ్మ ఆ పేలిక చూసి, “ఏమప్పా, ఇత్తనానికి కట్టిన కాయ గదా అది! ఎంత సదివితే ఏం లాభం?” అంది.

పచ్చడి బాగానే కుదిరింది. తినలేకపోయాను.

పోయినేడు అమ్మ నీకిచ్చిన విత్తనాలు మిగిలి ఉంటే చిటికెడు పంపు. పాపకు దగ్గు తగ్గిందా? అల్లుడికి నా ఆశీస్సులు చెప్పు. పేలిక దాచాను. ఈసారి మొదటి కాయకే కడతాను.

నాన్న